సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటే పనిమంతులు నిలుస్తారా?

ప్రశ్న: అన్నా, నాది మిర్యాలగూడ. రైస్ మిల్లుల్లో సార్టెక్స్ మిషన్లు (రంగు చూసి చెడు గింజను ఏరేసేవి), కంప్రెసర్లు, పాలిషర్లు రిపేర్ చేసే సర్వీసు, పక్కనే స్పేర్ పార్టుల షాపు. ఒక్క హెల్పర్‌తో మొదలుపెట్టాను, ఇప్పుడు 22 మంది ఉన్నారు. హుజూర్‌నగర్, కోదాడ, నల్గొండ దాకా మిల్లులు చూస్తాం. ఆ మొదటి హెల్పరే ఎనిమిదేళ్లలో మా పెద్ద మెకానిక్ అయ్యాడు, జీతం 26 వేలు. పోయిన యాసంగి సీజన్ అయిపోగానే మానేసి, ఇద్దరు జూనియర్లను వెంటబెట్టుకుని సొంతంగా షాపు పెట్టాడు. ఆరేడు మిల్లులు అటే పోయాయి. పని నేర్పింది నేను, బతుకుదెరువు చూపించింది నేను. షాపు, స్టాకు మా బామ్మర్ది చూస్తాడు, అతనితో వీళ్లకు పడదు. హైదరాబాద్ నుంచి ఒక బీటెక్ అబ్బాయిని 45 వేలకు సర్వీస్ మేనేజర్‌గా తెచ్చాను, దానికీ అలిగారు. సీజన్‌లో ఒక రాత్రి సార్టెక్స్ ఆగిపోతే, స్పేరు మా షాపులోనే ఉన్నా తాళం బామ్మర్ది దగ్గర ఉండి, ఆయన ఫోన్ ఎత్తక, ఆ పెద్ద మెకానిక్ పొద్దున దాకా ఉత్తగా కూర్చున్నాడు. సేటు ముందే తిట్టాను. అప్పటి నుంచి ముభావంగా ఉండేవాడు. ఇప్పుడు కొత్తగా ఆరుగురిని తీసుకోవాలి. మూడేళ్ల బాండ్ రాయించుకుని, ఒరిజినల్ సర్టిఫికెట్లు నా దగ్గర పెట్టుకోమని అందరూ చెబుతున్నారు. పెట్టుకోనా? మంచి పనోళ్లను ఎట్లా పట్టుకోవాలి, ఎట్లా నిలబెట్టుకోవాలి?
పేరు వద్దు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, సర్టిఫికెట్లు పెట్టుకోవద్దు. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం కానీ ఈ ఒక్కటి ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే నువ్వు మనుషులను తీసుకునే తొందరలో ఉన్నావు, రేపే ఆ పని చేసేట్టున్నావు.

మన దగ్గర చదువుకున్న పిల్లలకు ఇది కొత్త బాధేం కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీలు మెమోలు, టీసీలు ఆపితే వాటి కోసం తిరిగి తిరిగి వేసారిపోయిన పిల్లలు ఏ ఊళ్లో చూసినా ఉన్నారు. అలాంటివాడు ఒకడు నీ షాపుకు వస్తాడు, చేరాలంటే టెన్త్ మెమో, ఐటీఐ సర్టిఫికెట్ ఇక్కడ పెట్టమంటావు. రేపు పోలీసు రిక్రూట్‌మెంట్‌కో గ్రూప్ పరీక్షకో వెరిఫికేషన్ పడితే తన కాగితాల కోసం తనే నిన్ను బతిమాలుకోవాలి. చేతిలో పని ఉండి నాలుగు చోట్ల నుంచి పిలుపు వచ్చేవాడు ఆ మాట వినగానే నమస్కారం పెట్టి వెళ్లిపోతాడు. మరి ఎవరు ఇస్తారు? ఇంకెక్కడా దొరకనివాడు ఇస్తాడు. సార్టెక్స్ సెట్టింగ్ తప్పితే మంచి బియ్యం రిజెక్ట్‌లోకి కొట్టేసినట్టు, నువ్వు పెట్టిన షరతే మంచివాళ్లను ఏరి బయటికి పంపిస్తుంది. పైగా అవి అతని కాగితాలు, వాటి మీద నీకు హక్కు లేదు. ఒరిజినల్స్ చూసి, జిరాక్స్ తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చెయ్.

ఇక బాండ్. మానేశాక నా మిల్లుల దిక్కు చూడొద్దు, ఇదే పని చేయొద్దు అని ఎంత స్టాంపు పేపరు మీద రాయించుకున్నా, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం అది చెల్లదు. పనిలో ఉన్నంత కాలం ఇంకొకరికి చేయొద్దనొచ్చు, బయటికి పోయాక అనలేవు. ఇన్నేళ్లలోపు మానేస్తే ఇంత కట్టాలి అనే షరతు వేరు. 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు అలాంటి షరతును సమర్థించింది, మూడేళ్లు నిండకుండా వెళ్లిన అధికారి 2 లక్షలు కట్టాలన్న ఒప్పందం అది. నీకు సలహా ఇచ్చినవాళ్లు బహుశా దాన్నే చెప్పి ఉంటారు. కానీ ప్రభుత్వ బ్యాంకు ఒక అధికారిని తీసుకోవాలంటే పేపర్లో ప్రకటన ఇచ్చి, అందరికీ అవకాశం ఇచ్చి, పెద్ద తతంగం నడపాలి, మధ్యలో వదిలేసిపోతే అదంతా మళ్లీ చేయాలి, కోర్టు ఆ సంగతి కూడా చూసింది. హెల్పర్‌ను తీసుకోవడానికి నీకు అంత ఖర్చు ఎక్కడిది? మిషన్ కంపెనీ ట్రైనింగ్‌కు నీ డబ్బులు పెట్టి ఎవరినైనా పంపావనుకో, ఏడాదిలోపు మానేస్తే అందులో సగం ఇవ్వాలని రాసుకో. అది న్యాయం, అడిగినా ఎవరూ తప్పుబట్టరు.

అసలు సంగతి నువ్వు రెండు మాటల్లో దాటేసిన ఆ రాత్రి దగ్గర ఉంది. అతని వైపు నుంచి ఒక్కసారి చూడు. ఏ పార్టు పోయిందో అతనికి తెలుసు, మార్చడం తెలుసు, ఆ స్పేరు నీ షాపులో ఏ అరలో ఉందో కూడా తెలుసు. తాళం లేదు. యాసంగి సీజన్, మిల్లు ఆగింది, సేటు గంటకోసారి వచ్చి ఇంకా ఎంతసేపు అని అడుగుతాడు, ఇతను ఆగిన మిషన్ పక్కన కూర్చుని ఎత్తని ఫోన్‌కు మళ్లీ మళ్లీ కొడుతుంటాడు. పొద్దున నువ్వు వచ్చావు, తాళం ఎవరి దగ్గర ఉందో నీకు తెలిసి కూడా ఇతన్నే తిట్టావు, అదీ ఇన్నేళ్లుగా ఇతన్ని పేరు పెట్టి పిలిపించుకుని పని చేయించుకున్న సేటు ముందు. చేయగలిగిన పని చేయనివ్వకుండా చేతులు కట్టేశారు, చేయలేదని పరువు తీశారు, రెండూ ఒకే పూటలో. అంత జరిగాక కూడా సీజన్ మధ్యలో వదిలేసి పోలేదు చూడు, అయిపోయేదాకా ఉన్నాడు. నీకు నష్టం రావద్దనే కదా ఆగింది.

జీతం కోసమే పోయాడని నీకు చాలామంది చెబుతారు, అలా అనుకుంటే నీకూ కాస్త సుఖంగా ఉంటుంది. జీతం లెక్కలోకి రాదని నేననను, 26 వేలతో మిర్యాలగూడలో కూడా సంసారం ఎట్లా నడుస్తుందో మనకు తెలియనిది కాదు. కానీ పనితనం ఉన్నవాడికి తన పనిలో తన మాట చెల్లాలి. తనకు తెలిసిన విషయంలో, ఏమీ తెలియని మనిషిని అడిగి చేయాల్సి రావడం అతను ఎక్కువ రోజులు ఓర్చుకోడు.

అందుకని కొత్తవాళ్లను తీసుకునే ముందే ఒక పని చెయ్. ఇప్పుడున్న సీనియర్లలో ఇద్దరికి స్టాకు తాళాలు ఇవ్వు. 5 వేల రూపాయల దాకా స్పేరు ఎవరినీ అడగకుండా తీసి వేసెయ్యొచ్చని అందరి ముందు చెప్పు. తీసింది పుస్తకంలో రాయాలి, మిల్లు పేరు, టైము, పాత పార్టు తిరిగి షాపుకు రావాలి, అంతే. దొంగతనం జరగదా అంటావు. జరగొచ్చు. నెలాఖరుకు స్టాకు సరిచూసుకో, తేడా వస్తే వాళ్లనే అడుగు. నీ పేరు మీద నమ్మకం పెట్టుకున్న మిల్లు సీజన్‌లో ఒక రాత్రి ఆగితే పోయేదాంతో పోలిస్తే ఆ తేడా ఎంత?

బామ్మర్ది సంగతి చెప్పక తప్పదు. అతన్ని పంపించెయ్యమని నేననను, ఇంట్లో గొడవలు పెట్టుకుని వ్యాపారం చేయలేవు. కానీ మెకానిక్‌ల మీద అతని పెత్తనం ఉండకూడదు. నీ వ్యాపారంలో బిల్లుల వసూళ్లు ఒక పెద్ద పని, సీజన్ అయిపోయాక సేట్ల చుట్టూ తిరగాలి, మొహమాటం లేకుండా అడగాలి, అక్కడ ఇంటి మనిషి ఉండటమే మంచిది. ఆ పని అతనికి పూర్తిగా అప్పగించు, వసూలైనదాంట్లో కొంత శాతం ఇవ్వు. అయితే ఈ మాట ముందు మీ ఆవిడతో మాట్లాడి, తర్వాత అతనికి నువ్వే చెప్పు. షాపులో ఎవరి నోటి నుంచో వింటే పగబడతాడు.

ఆ 45 వేల అబ్బాయి విషయంలో నీ వాళ్లు అలగడంలో తప్పు లేదు. ఎంత దాచినా జీతం సంగతి రెండు రోజుల్లో బయటపడుతుంది. ఎనిమిదేళ్లుగా ప్రతి మిల్లూ తెలిసిన మనిషికి 26, నిన్న వచ్చినవాడికి 45 అంటే కారణం చెప్పగలగాలి, నీ ఉత్తరంలో అది లేదు. ఆ కుర్చీ నీకు కావాలా అని పాతవాణ్ని ఒక్కసారైనా అడిగావా? వద్దనేవాడేమో. మేనేజర్‌గిరీ ఇష్టం లేని మంచి మెకానిక్‌లు చాలామంది ఉంటారు, వాళ్లకు మిషన్ దగ్గరే హాయి. అలాంటివాడికి మేనేజర్ కంటే ఎక్కువ జీతం ఇవ్వు, ఏ చట్టమూ అడ్డు రాదు. వచ్చిన బీటెక్ అబ్బాయిని కూడా తక్కువ చేసి చూడకు, కాల్స్ ఎవరికి పోవాలి, ఏ మిల్లుకు ఎప్పుడు సర్వీసు బాకీ ఉంది, స్పేర్లు ఎప్పుడు తెప్పించాలి, ఇవన్నీ ఒక పద్ధతిలో పెట్టడం అతని పని. మిషన్ దగ్గర మాత్రం ఆఖరి మాట మెకానిక్‌దే. ఈ సంగతి అతనికీ, వాళ్లకీ ఒకే చోట కూర్చోబెట్టి చెప్పు.

చదువు మాట వచ్చింది కాబట్టి ఒకటి గుర్తుచేస్తాను. మన ఆలేరు చింతకింది మల్లేశం బడి చదువు మధ్యలోనే ఆపేసిన మనిషి. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి, తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కిందామీదా పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ మనిషే ఆ రోజుల్లో నీలాంటి షాపుకు ఉద్యోగానికి వస్తే, ఐటీఐ ఉందా, మెమో తెచ్చావా అని అడిగి పంపించేసేవాళ్లమేమో. నీ పాత మెకానిక్‌కు కూడా చేరిన రోజు ఏం సర్టిఫికెట్ ఉందో గుర్తు చేసుకో.

అందుకని ఇంటర్వ్యూ అని కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడగకు. ఒక రోజు కూలి ఇస్తానని చెప్పి, తెలిసిన సేటు దగ్గర అనుమతి తీసుకుని, నడుస్తున్న మిల్లుకు తీసుకుపో. సార్టెక్స్‌లో నల్ల గింజ వస్తుందని చెప్పి పక్కన నిలబడు, ఏమీ అనకు. కొందరు నేరుగా స్క్రీన్ దగ్గరికి పోయి సెన్సిటివిటీ పెంచేస్తారు. నల్ల గింజ ఆగిపోతుంది, చూసినవాళ్లకు పని అయిపోయినట్టే ఉంటుంది, కానీ దాంతోపాటు మంచి బియ్యం కూడా రిజెక్ట్ సంచిలోకి పోతూ ఉంటుంది, ఆ నష్టం సేటుకు సాయంత్రం తూకం వేసినప్పుడు గానీ తెలియదు. ఇంకొకడు ముందు రిజెక్ట్ సంచిలో చెయ్యి పెట్టి పిడికెడు తీస్తాడు, అరచేతిలో పరిచి మంచి గింజలు ఎన్ని పోతున్నాయో చూస్తాడు. ఇది ఎప్పటి నుంచి, ఏ లాటు మొదలుపెట్టాక అని ఆపరేటర్‌ను అడుగుతాడు. కంప్రెసర్ దగ్గర డ్రెయిన్ తిప్పి గాలిలో నీళ్లు వస్తున్నాయేమో చూస్తాడు, గ్లాసు మీద తవుడు దుమ్ము తుడుస్తాడు, అప్పుడు గానీ స్క్రీన్ ముట్టుకోడు. రెండోవాడికి ఎజెక్టర్ (చెడు గింజను గాలితో కొట్టే భాగం) పేరు సరిగ్గా పలకడం రాకపోయినా సరే, తీసుకో. పార్టుల పేర్లు నెలలో వస్తాయి, ఆ చూపు నేర్పడం చాలా కష్టం.

ఇంకొకటి కూడా గమనించు. ఆపరేటర్‌తో, హమాలీలతో ఎలా మాట్లాడుతున్నాడు? సేటు ముందు అణిగిమణిగి ఉండి, బీహార్ నుంచి వచ్చిన హమాలీని కసిరేవాడు రేపు నీ హెల్పర్లను బతకనివ్వడు. తెలియనిది తెలియదని చెబుతున్నాడా, చూసి చెబుతానంటున్నాడా, నోటికొచ్చింది అంటున్నాడా? ఎంత తెలివైనవాడైనా నోటికొచ్చింది చెప్పేవాడు నీ వ్యాపారానికి పనికిరాడు, ఒక్క తప్పు సలహాతో సేటు చేత అక్కరలేని పార్టు కొనిపిస్తే ఆ మిల్లు మళ్లీ నిన్ను పిలవదు.

ఆరుగురూ అనుభవం ఉన్నవాళ్లే కావాలనుకోకు, దొరకరు. ఇద్దరు అనుభవం ఉన్నవాళ్లు, మిగతావాళ్లు కుర్రవాళ్లు చాలు. మిల్లుల్లో ఏళ్ల తరబడి మిషన్ నడిపిన ఆపరేటర్లలో పనిమంతులు ఉంటారు, సేటుతో మాట్లాడి, ఆయన ఒప్పుకుంటేనే అడుగు, నీ కస్టమర్ దగ్గరి మనిషిని దొంగచాటుగా లాక్కోకు. ఐటీఐ పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకునే వీలు కూడా ఉంది, నాలుగు నుంచి 29 మంది ఉన్న చోట అది నీ ఇష్టం, 30 మంది నిండితే తప్పనిసరి. స్టైపెండ్‌లో కొంత కేంద్రం భరిస్తుంది.

చేరిన ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అది ఇవ్వాల్సిందే. పీఎఫ్ మాట నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. 20 మంది నిండితే పీఎఫ్, 10 మంది నిండితే ఈఎస్ఐ. ఈఎస్ఐ 21 వేల దాకా జీతం ఉన్నవాళ్లందరికీ. ఇంతవరకు కట్టకపోతే మంచి ఆడిటర్‌ను పట్టుకుని ఈ నెలలోనే సరిచేయించు. హెల్పర్ తల్లికి ఆపరేషన్ అవసరమైతే అప్పు కోసం నీ దగ్గర నిలబడాలా, ఈఎస్ఐ కార్డు పట్టుకుని సనత్‌నగర్ ఆసుపత్రికి పోవాలా అనేది నువ్వు కట్టే ఆ కాస్త డబ్బు మీద ఆధారపడి ఉంటుంది.

ఇన్సెంటివ్ పెడదామని నీకు అనిపిస్తే ఒక జాగ్రత్త. కాల్‌కు ఇంత అని మాత్రం పెట్టకు. కాల్‌కు వంద ఇస్తే రిపేరు నిలిచేలా చేసే అవసరం ఎవరికీ ఉండదు, మళ్లీ పిలిస్తే మళ్లీ వంద. ఒక మిల్లులో చేసిన పని నెల రోజుల పాటు మళ్లీ అదే కంప్లైంట్ రాకుండా నిలిస్తే, అప్పుడు ఇవ్వు. హెల్పర్‌కు కూడా అందులో వాటా ఉండాలి, లేకపోతే సీనియర్ పనిని దాచుకుంటాడు, నేర్పడు.

సీజన్‌లో మనుషులు ఎలా నలిగిపోతారో నీకు నేను చెప్పాలా, రాత్రీ పగలూ తేడా లేదు. ఓవర్‌టైమ్‌కు చట్టం ప్రకారం రెండింతలు కట్టి ఇవ్వాలి, సీజన్ అయ్యాక చూద్దాం అనొద్దు, ఆ నెల జీతంలోనే కనబడాలి. రాత్రి కాల్‌కు వెళ్లినవాణ్ని పొద్దున షాపు తెరిచే టైముకు రమ్మనకు. మిల్లులు నెమ్మదించిన రోజుల్లో వంతులవారీగా జీతంతో సెలవు ఇవ్వు, ఒకరిద్దరిని కంపెనీ ట్రైనింగ్‌కు పంపు. ఎవరిని పంపాలో వాళ్లలో వాళ్లే తేల్చుకోమంటే గొడవ అవుతుంది, నువ్వే నిర్ణయించి కారణం చెప్పు.

ఇక వెళ్లిపోయినవాడు. పని నేర్పింది నేను, బతుకుదెరువు చూపించింది నేను అని రాశావు. నిజమే, కానీ నీ పేరు కోదాడ దాకా పోయింది ఎవరి చేతుల మీదుగా? దీనికొక లెక్క కూడా ఉంది తమ్ముడూ. పది మంది పనిచేసే చోట ఐదేళ్లు నిండినవాడు తనంతట తాను మానేసినా గ్రాట్యుటీ ఇవ్వాలి. నెల జీతాన్ని 26తో భాగిస్తే ఒక రోజు జీతం, ఏడాదికి 15 రోజుల చొప్పున ఎన్నేళ్లు చేస్తే అన్నేళ్లకు. అతని 26 వేలూ బేసిక్, డీఏ కిందే లెక్కేస్తే రోజుకు వెయ్యి, ఏడాదికి 15 వేలు, ఎనిమిదేళ్లకు 1 లక్షా 20 వేలు. ముప్పై రోజుల్లో ఇవ్వాల్సింది, గడువు దాటితే వడ్డీ కూడా. అతను నిన్ను మోసం చేశాడని నువ్వు బాధపడుతున్నావు కానీ కాగితం మీద బాకీ ఉన్నది నువ్వు.

ఆ చెక్కు రాసి నువ్వే తీసుకుపోయి ఇవ్వు, బామ్మర్దితోనో గుమాస్తాతోనో పంపకు. ఆ రాత్రి సేటు ముందు అన్న మాట తప్పని అక్కడే చెప్పు. తిరిగి రమ్మని అడగకు, షాపు పెట్టుకున్నవాడు రాడు, రావాల్సిన అవసరం కూడా లేదు. సీజన్ ముదిరితే కోదాడ వైపు మిల్లులన్నీ నీ ఒక్కడి వల్ల కావు, నీకు అందని కాల్స్ అతనికి ఇస్తావా, స్పేర్లు నీ దగ్గరే కొంటాడా, రేటు ఎంత, ఇది మాట్లాడుకోండి. ఒప్పుకుంటే ఇద్దరికీ పని, ఒప్పుకోకపోయినా చెక్కు అతనిదే. నీ దగ్గర మిగిలిన మెకానిక్‌లు ఈ విషయం నువ్వు చెప్పకుండానే వింటారు. వానాకాలం కోతలు అక్టోబర్‌లో మొదలవుతాయి, కొత్తవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడే ముందే ఈ పని పూర్తి చెయ్.